2021-22 ఐఎస్‌ఎల్: కప్పు గెలిచిన హైదరాబాద్ షీల్డ్‌ని ఎక్కడ పోగొట్టుకుంది?

పసుపు జెర్సీ:

2021-22 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్ మీద తెలుగులో వివరంగా ఒక వ్యాసం రాస్తున్నాను. ఎక్కడ వెతికినా "హైదరాబాద్ ఎఫ్‌సీ ఛాంపియన్" అన్న ఒక్క ముక్క, ఫైనల్ స్కోరు తప్ప ఇంకేమీ దొరకట్లేదు. లీగ్ పట్టికలో పైన జంషెడ్‌పూర్ 43 పాయింట్లు, హైదరాబాద్ 38, ఏటీకే మోహన్ బగాన్ 37, కేరళ బ్లాస్టర్స్ 34. మరి రెండో స్థానంలో ఉన్న జట్టు ఛాంపియన్ ఎలా అయింది? ఇది మొదటి సందేహం.

రెండోది అసలైనది. ఆ 5 పాయింట్ల తేడా ఎక్కడ వచ్చింది? "చిన్న జట్ల మీద డ్రాలు చేసుకుని షీల్డ్ పోగొట్టుకున్నారు" అని చాలామంది అంటారు. అది నిజమేనా, లెక్కలు వేస్తే తేలుతుందా?

మూడోది, చివరి రోజు మోహన్ బగాన్‌కి షీల్డ్ రావాలంటే "2 గోల్స్ తేడాతో గెలవాలి" అన్నారు. ఆ 2 ఎక్కడి నుంచి వచ్చింది? గోల్ డిఫరెన్స్ (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేస్తే వచ్చేది) వేసి చూస్తే ఆ లెక్క నాకు కుదరట్లేదు.

కార్నర్ ఫ్లాగ్:

మొదటిది చెప్పేస్తాను. అప్పటి ఐఎస్‌ఎల్‌లో ఒకే సీజన్‌లో రెండు ట్రోఫీలు. లీగ్ దశలో అగ్రస్థానంలో నిలిచిన జట్టుకి లీగ్ విన్నర్స్ షీల్డ్. ఇది 2019-20లో మొదలైంది, మొదటిసారి ఎఫ్‌సీ గోవా తీసుకుంది. ఆ తర్వాత ప్లేఆఫ్స్ గెలిచిన జట్టుకి ఐఎస్‌ఎల్ ట్రోఫీ, "ఛాంపియన్" అనే పిలుపు దానికే. యూరప్ లీగులు చూసేవాళ్ళకి ఇక్కడే తికమక. అక్కడ పట్టికలో మొదటి స్థానం అంటేనే ఛాంపియన్.

2021-22లో 11 జట్లు, ప్రతి జట్టూ మిగతా 10 జట్లతో రెండేసిసార్లు, మొత్తం 20 మ్యాచ్‌లు. గెలుపుకి 3, డ్రాకి 1 పాయింటు, అంటే గరిష్ఠంగా 60 పాయింట్లు. పై 4 జట్లకి సెమీస్, 1వ స్థానం 4తో, 2వ స్థానం 3తో, రెండు లెగ్‌లు, అంటే రెండేసి మ్యాచ్‌లు. ఫైనల్ ఒక్కటే మ్యాచ్. ఆరు జట్ల ప్లేఆఫ్స్ పద్ధతి తర్వాతి సీజన్‌లో వచ్చింది, కాబట్టి పాత వ్యాసాలూ కొత్త వ్యాసాలూ కలిపి చదివితే పొరపాటు పడతావు.

కోవిడ్ వల్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి: ఫతోర్డా, బాంబోలిం, వాస్కోలోని తిలక్ మైదాన్. అందుకే ఆ సీజన్‌కి హోమ్, అవే అని విడదీసిన పట్టికలు కనిపిస్తే పక్కన పెట్టెయ్. కాగితం మీద హోమ్ అని ఉంటుంది గానీ గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ పట్టికల నుంచి ఏ తీర్మానమూ తియ్యలేం.

లెక్కల మాస్టారు:

రెండో ప్రశ్నకి వరుస తేదీల ప్రకారం ఫలితాలు చూస్తే ఏమీ కనపడదు. ప్రత్యర్థి వారీగా జతలు కట్టి రాసుకోవాలి. ఇవిగో హైదరాబాద్ 20 ఫలితాలు, హైదరాబాద్ గోల్స్ ముందు:

చెన్నైయిన్: 0-1, 1-1
ముంబై సిటీ: 3-1, 2-1
జంషెడ్‌పూర్: 1-1, 0-3
బెంగళూరు: 1-0, 2-1
నార్త్‌ఈస్ట్: 5-1, 5-0
గోవా: 1-1, 3-2
ఈస్ట్ బెంగాల్: 1-1, 4-0
ఒడిశా: 6-1, 3-2
మోహన్ బగాన్: 2-2, 1-2
కేరళ: 0-1, 2-1

కూడి చూసుకోండి: 11 గెలుపులు, 5 డ్రాలు, 4 ఓటములు. కొట్టినవి 43, ఇచ్చినవి 23. ఇలా కూడినప్పుడు పట్టికలోని అంకెలతో సరిపోకపోతే ఎక్కడో ఒక స్కోరు తప్పు రాసుకున్నట్టే. ముందుకి పోకుండా అక్కడే ఆగి సరిచేసుకోవాలి.

ఇప్పుడు పై నాలుగు జట్లని విడిగా తీసి, వాళ్ళలో వాళ్ళు ఆడుకున్న 12 మ్యాచ్‌లతో చిన్న పట్టిక వెయ్యండి. హైదరాబాద్ కానివి: జంషెడ్‌పూర్ మోహన్ బగాన్‌ని 2-1, 1-0తో ఓడించింది. కేరళతో 1-1, 3-0. మోహన్ బగాన్ కేరళతో 4-2, 2-2. ఈ చిన్న పట్టికలో జంషెడ్‌పూర్‌కి 14, మోహన్ బగాన్‌కి 8, హైదరాబాద్‌కి 5, కేరళకి 5.

18కి 5! ఆరు మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు, అది ఫిబ్రవరి 23న కేరళ మీద. 6 గోల్స్ కొట్టి 10 ఇచ్చారు.

మిగతా ఏడు జట్ల మీద ఎంతో చూద్దాం. 14 మ్యాచ్‌లు, 42 పాయింట్లు. హైదరాబాద్ 38లోంచి 5 తీసేస్తే 33. జంషెడ్‌పూర్ 43లోంచి 14 తీసేస్తే 29. అంటే కింది ఏడు జట్ల మీద షీల్డ్ గెలిచిన జట్టు కంటే హైదరాబాదే 4 పాయింట్లు ఎక్కువ తెచ్చుకుంది. కాబట్టి "చిన్న జట్ల మీద డ్రాలతో షీల్డ్ పోయింది" అనే మాట నిలబడదు. షీల్డ్ పోయింది సాటి జట్ల దగ్గరే.

ఇంకోటి గమనించండి. ఈ చిన్న పట్టికలో అడుగున 5 పాయింట్లతో సమానంగా ఉన్న రెండు జట్లే ఫైనల్ ఆడాయి. 14 పాయింట్ల జంషెడ్‌పూర్ సెమీస్‌లో కేరళ చేతిలో 0-1, 1-1తో ఇంటికెళ్ళింది. ఐఎస్‌ఎల్ ప్లేఆఫ్స్ అంటే ఏంటో దీన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు.

థర్డ్ మ్యాన్:

మాస్టారూ, లెక్క సరిగ్గానే ఉంది గానీ ఒక మాట. డ్రాల వాదన పూర్తిగా తీసెయ్యడానికి లేదు. మీరిచ్చిన పట్టికలోనే రెండు సగాలు విడదీయండి. ప్రతి జత‌లో మొదటి ఫలితం మొదటి 10 మ్యాచ్‌లది, రెండోది తర్వాతి 10 మ్యాచ్‌లది. మొదటి సగంలో 4 గెలుపులు, 4 డ్రాలు, 2 ఓటములు: 16 పాయింట్లు. రెండో సగంలో 7, 1, 2: 22 పాయింట్లు.

గోల్స్ మాత్రం దాదాపు అంతే. మొదటి సగంలో 20 కొట్టి 10 ఇచ్చారు, రెండో సగంలో 23 కొట్టి 13 ఇచ్చారు. అంటే గోల్ తేడా రెండు సగాల్లోనూ +10 మాత్రమే! ఆట మెరుగవలేదు, గోల్స్ పంచుకున్న తీరు మారింది. డిసెంబర్‌లో ఒడిశాని 6-1తో కొట్టినా వచ్చేవి 3 పాయింట్లే, జనవరి చివర్లో అదే ఒడిశాని 3-2తో కొట్టినా 3 పాయింట్లే. ఆ 6-1 చూస్తే ముచ్చటేస్తుంది, కానీ దానికి ముందు మ్యాచే ఈస్ట్ బెంగాల్‌తో 1-1. సీజన్ చివరికి ఆ జట్టు 11 పాయింట్లతో అట్టడుగున నిలిచింది.

43 గోల్స్ అంకె కూడా జాగ్రత్తగా వాడాలి. నార్త్‌ఈస్ట్, ఈస్ట్ బెంగాల్, ఒడిశా మీద 6 మ్యాచ్‌ల్లో 24 గోల్స్. మిగతా 14 మ్యాచ్‌ల్లో 19. "మ్యాచ్‌కి రెండు గోల్స్ పైన కొట్టే జట్టు" అని వ్యాసంలో రాస్తే తప్పుదారి పట్టించినట్టే. పెద్ద మ్యాచ్‌ల్లో అది ఒకటి, ఒకటిన్నర గోల్స్ జట్టు.

అలాగే హైదరాబాద్ స్ట్రైకర్ బార్తలోమ్యూ ఒగ్బెచె. ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ 18 గోల్స్‌కి వచ్చింది. అందులో సెమీస్ మొదటి లెగ్‌లో కొట్టింది కూడా కలిసి ఉంది. జట్టు 43 గోల్స్‌తో పోల్చాలంటే 17 తీసుకోవాలి, ఎందుకంటే 43 అనేది లీగ్ దశ అంకె. ఈ రెండు అంకెలూ కలిపేసి శాతాలు రాసినవి చాలా చూశాను.

కార్నర్ ఫ్లాగ్:

మార్చి 1 మ్యాచ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. షీల్డ్ కథంతా అక్కడే ఉంది.

హైదరాబాద్, జంషెడ్‌పూర్ రెండో మ్యాచ్ అసలు జనవరి 17న జరగాలి. కోవిడ్ వల్ల వాయిదా పడి మార్చి 1కి చేరింది. ఆ రోజు పొద్దున పట్టిక: హైదరాబాద్ 18 మ్యాచ్‌ల్లో 35, జంషెడ్‌పూర్ 17 మ్యాచ్‌ల్లో 34. చూడ్డానికి హైదరాబాద్ పైన ఉంది. కానీ మ్యాచ్‌ల సంఖ్య సమానంగా లేనప్పుడు వచ్చిన పాయింట్లు కాదు, పోయిన పాయింట్లు లెక్కపెట్టాలి. హైదరాబాద్ 54లో 19 పోగొట్టుకుంది. జంషెడ్‌పూర్ 51లో 17. అంటే నిజానికి అప్పటికే జంషెడ్‌పూర్ 2 పాయింట్లు ముందుంది, షీల్డ్ దాని చేతిలోనే ఉంది. చేతిలో ఉన్న మ్యాచ్‌లన్నీ గెలిస్తే ఎవరి వైపూ చూడక్కర్లేదు.

సరిగ్గా అదే చేసింది. హైదరాబాద్‌ని 3-0, ఒడిశాని 5-1, మోహన్ బగాన్‌ని 1-0. కోచ్ ఓవెన్ కోయల్ జట్టు వరసగా 7 మ్యాచ్‌లు గెలిచి సీజన్ ముగించింది. గ్రెగ్ స్టీవర్ట్ ఆ ఏడాది 10 గోల్స్, 10 అసిస్టులతో (గోల్‌కి దారి ఇచ్చిన పాసులు) ఉత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్ తీసుకున్నాడు.

మార్చి 1న హైదరాబాద్ గెలిచి, మిగతా ఫలితాలన్నీ అలాగే ఉండి ఉంటే: హైదరాబాద్ 41, జంషెడ్‌పూర్ 40. షీల్డ్ మనది. నేరుగా పోటీలో ఉన్న జట్టు మీద ఓటమి అంటే 3 పాయింట్లు కాదు, 6 పాయింట్ల తేడా అని ఊరికే అనరు.

గోల్‌లైన్:

మూడో ప్రశ్న. మార్చి 7, చివరి లీగ్ మ్యాచ్. జంషెడ్‌పూర్ 40, మోహన్ బగాన్ 37. మోహన్ బగాన్ గెలిస్తే ఇద్దరికీ 40. పాయింట్లు సమానమైతే గోల్ డిఫరెన్స్ చూస్తారు కదా. జంషెడ్‌పూర్‌కి ఆ రోజు +20, మోహన్ బగాన్‌కి +12. కాబట్టి 4 గోల్స్ తేడాతో గెలిచినా +16, +16 అయ్యి సమానమే అవుతుంది, 5 కావాలి. 2 గోల్స్ అన్నది పొరపాటు అయ్యుంటుంది.

లెక్కల మాస్టారు:

కాదండీ, 2 అన్నదే సరైనది. మీరు వేసింది ప్రీమియర్ లీగ్ పద్ధతి. ఆ సీజన్ ఐఎస్‌ఎల్‌లో పాయింట్లు సమానమైతే ముందు ఆ రెండు జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌లే చూస్తారు: వాటిలో పాయింట్లు, తర్వాత వాటిలో గోల్ తేడా. అక్కడా తేలకపోతేనే సీజన్ మొత్తం గోల్ డిఫరెన్స్‌కి వెళ్తారు. స్పెయిన్ లా లిగాలోనూ ముఖాముఖి ఫలితాలకే మొదటి ప్రాధాన్యం.

మెట్టు మెట్టుగా చూడండి. డిసెంబర్‌లో జంషెడ్‌పూర్ 2-1తో గెలిచింది. మార్చి 7న మోహన్ బగాన్ 1-0తో గెలిచి ఉంటే ముఖాముఖిలో చెరో గెలుపు, గోల్స్ 2-2. అక్కడ తేలదు, మొత్తం గోల్ డిఫరెన్స్‌కి వెళ్తే జంషెడ్‌పూర్ +19, మోహన్ బగాన్ +13. షీల్డ్ జంషెడ్‌పూర్‌దే. అదే 2-0తో గెలిచి ఉంటే ముఖాముఖిలో 3-2 మోహన్ బగాన్ వైపు. మొత్తం గోల్ డిఫరెన్స్‌లో జంషెడ్‌పూర్ ఇంకా +18, +14తో ముందున్నా సరే, అక్కడిదాకా వెళ్ళక్కర్లేదు, షీల్డ్ మోహన్ బగాన్‌ది. "2 గోల్స్" అన్న అంకె ఈ నియమం నుంచే పుట్టింది.

చివరికి ఇవేవీ అవసరపడలేదు. 56వ నిమిషంలో రిత్విక్ దాస్ గోల్, జంషెడ్‌పూర్ 1-0.

పట్టిక మధ్యలో చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త. చాలా సైట్లు సీజన్ నడుస్తుండగా సమాన పాయింట్లున్న జట్లని గోల్ డిఫరెన్స్‌తోనే పేరుస్తాయి. ఆ జట్ల మధ్య రెండు మ్యాచ్‌లూ అయ్యేదాకా అది తాత్కాలిక వరుస అనుకోండి.

గోల్‌లైన్:

ఒప్పుకున్నాను, సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. డిసెంబర్ ఫలితం చూడకుండా చివరి పట్టిక మీదే లెక్క వేశాను.

పసుపు జెర్సీ:

అందరికీ చాలా థాంక్స్. వ్యాసం ఆకారమే మారిపోయింది. ఇంకో రెండు అడుగుతాను. సాటి జట్ల మీద 18కి 5 తెచ్చుకున్న జట్టు అదే జట్ల మీద కప్పు ఎలా గెలిచింది? ఫైనల్ పెనాల్టీ షూటౌట్‌లో కేరళ ఆటగాడు నిషు కుమార్ చేత రెండోసారి ఎందుకు కొట్టించారు?

థర్డ్ మ్యాన్:

సెమీస్ మొదటి లెగ్ మార్చి 12. మోహన్ బగాన్ 18వ నిమిషంలోనే రాయ్ కృష్ణతో ముందుకెళ్ళింది. మొదటి సగం అదనపు సమయంలో ఒగ్బెచె సమం చేశాడు. ఆ గోల్ పడ్డ వేళే ముఖ్యం. 0-1తో విరామానికి వెళ్ళడం వేరు, 1-1తో వెళ్ళడం వేరు. తర్వాత 58లో మహమ్మద్ యాసిర్, 64లో హావి సివేరియో. 3-1. మార్చి 16న రెండో లెగ్ 0-1తో ఓడినా మొత్తం మీద 3-2. లీగ్‌లో అయితే ఇలాంటి 0-1 ఓటమి అంటే సున్నా పాయింట్లు. ఇక్కడ మాత్రం అదే ఓటమితో ఫైనల్‌కి వెళ్ళారు. రెండు లెగ్‌ల పోటీలో గోల్స్ కూడతారు, లీగ్‌లో ఏ మ్యాచ్‌కి ఆ మ్యాచే. 5 పాయింట్ల జట్టు ఎలా గెలిచిందంటే సగం జవాబు ఇదే.

మిగతా సగం హైదరాబాద్ కోచ్ మానోలో మార్కెజ్ రెండేళ్ళ పని. 2020-21లో ఇదే జట్టు 6 గెలుపులు, 11 డ్రాలు, 3 ఓటములతో 29 పాయింట్లు తెచ్చుకుని ఐదో స్థానంలో ఆగిపోయింది. చివరి మ్యాచ్‌లో గోవాని ఓడిస్తే సెమీస్, అది 0-0 అయింది. మరుసటి ఏడాదికి డ్రాలు 11 నుంచి 5కి తగ్గాయి, గెలుపులు 6 నుంచి 11కి పెరిగాయి, ఓటమి ఒక్కటే ఎక్కువ. డ్రాగా ముగిసే మ్యాచ్‌లో చివరి 20 నిమిషాలు గెలుపు కోసం తెగించే జట్టుకి ఒకటో రెండో ఓటములు ఎక్కువ వస్తాయి. లీగ్‌లో అది లాభసాటి బేరం. డ్రా అయిన మూడు మ్యాచ్‌ల్లో ఒకటి గెలిచి రెండు ఓడినా పాయింట్లు సమానమే కదా. 2019-20లో 18 మ్యాచ్‌లకి 10 పాయింట్లతో అట్టడుగున ఉన్న జట్టు ఇది, అది కూడా వ్యాసంలో పెట్టు.

గోల్‌లైన్:

ఫైనల్ మార్చి 20, ఫతోర్డా. ప్రేక్షకుల్ని అనుమతించారు, కేరళ అభిమానులు పోటెత్తారు. రెండు జట్లదీ పసుపు జెర్సీయే. లీగ్‌లో పై స్థానం హైదరాబాద్‌ది కాబట్టి పసుపు వాళ్ళకే దక్కింది, కేరళ నలుపులో దిగింది. స్టాండ్స్ నిండా కేరళ పసుపు, మైదానంలో పసుపు మాత్రం హైదరాబాద్‌ది. పాత వీడియో చూసేవాళ్ళు మొదటి పది నిమిషాలు జట్లని తారుమారుగా అనుకుంటారు, ఈ ముక్క తప్పకుండా రాయండి.

68వ నిమిషంలో రాహుల్ కేపీ కేరళకి గోల్ కొట్టాడు. 88లో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా పెనాల్టీ ఏరియా బయట నుంచి నేల తాకకముందే బంతిని తన్ని సమం చేశాడు. అదనపు 30 నిమిషాల్లో గోల్ లేదు.

షూటౌట్‌లో కేరళ ముందు కొట్టింది. లెస్కోవిచ్‌ది హైదరాబాద్ కీపర్ కట్టిమని ఆపాడు. జోవావ్ విక్టర్ గోల్. నిషు కుమార్‌ది ఆపాడు, మళ్ళీ కొట్టించారు, మళ్ళీ ఆపాడు. సివేరియో తప్పాడు. ఆయుష్ అధికారి గోల్. ఖాసా కమారా గోల్. జీక్సన్‌దీ కట్టిమని ఆపాడు. హలీచరణ్ నర్జారీ గోల్. 3-1, ఒక్కో కిక్ మిగిలుండగానే ముగిసింది.

మళ్ళీ కొట్టించడానికి కారణం గోల్‌లైన్. కిక్ కొట్టే క్షణానికి కీపర్ ఒక పాదంలో కొంత భాగమైనా గీత మీద, లేదా గీతకి సరిగ్గా పైన, లేదా వెనక ఉండాలి. రెండు పాదాలూ ముందుకొచ్చేసి బంతిని ఆపితే ఆ సేవ్ చెల్లదు, కిక్ మళ్ళీ. మొదటిసారి హెచ్చరిక, మళ్ళీ చేస్తే పసుపు కార్డు. కీపర్ ముందుకొచ్చినా బంతి గోల్‌లోకి వెళ్తే గోల్ ఇచ్చేస్తారు. కీపర్‌ని తాకకుండా బయటికి పోయినా, పోస్టుకి తగిలినా, కీపర్ కదలిక కొట్టేవాణ్ణి స్పష్టంగా దెబ్బతీసిందని రెఫరీ అనుకుంటేనే మళ్ళీ కొట్టిస్తాడు. కీపర్లు ఇక్కడ దొరికిపోయేది ఎందుకంటే, దూకడానికి బలం కావాలంటే ముందు కాలు గీత దాటి పడుతుంది. వెనక కాలు గీత మీద ఆన్చి ఉంచి ముందు కాలుతో అడుగు వెయ్యడం ప్రాక్టీస్ చెయ్యాలి. కట్టిమని రెండోసారి అది పాటిస్తూనే ఆపాడు. హెచ్చరిక నెత్తిన పెట్టుకుని, ఎదుట అదే ఆటగాడు, స్టేడియం మొత్తం అవతలి జట్టుది. ఆ సీజన్ మొత్తంలో నేను ముందు చూపించే సేవ్ అదే.

కార్నర్ ఫ్లాగ్:

కట్టిమని, తవోరా ఇద్దరూ గోవా వాళ్ళే. ఫతోర్డా వాళ్ళ సొంత మైదానం లాంటిది.

ఇంకోటి కలుపుకో. కేరళని సెమీస్‌కి పంపింది కూడా హైదరాబాదే. మార్చి 5న ముంబైని 2-1తో ఓడించడంతో ముంబై 31 దగ్గర ఆగిపోయింది, అప్పటికి 33 ఉన్న కేరళకి నాలుగో స్థానం ఖాయమైంది. పదిహేను రోజుల తర్వాత ఫైనల్లో ఎదురుపడ్డారు.

షీల్డ్ గెలిస్తే నేరుగా ఆసియా ఛాంపియన్స్ లీగ్ అని కూడా రాయకు. ఆసియా క్యాలెండర్ మారడంతో జంషెడ్‌పూర్ 2023 ఏప్రిల్ 4న కేరళలోని మంజేరిలో, మరుసటి సీజన్ షీల్డ్ గెలిచిన ముంబైతో అర్హత మ్యాచ్ ఆడాల్సి వచ్చింది. 1-3తో ఓడింది.

పసుపు జెర్సీ:

రాసుకున్నాను. మాస్టారు వేసిన నాలుగు జట్ల చిన్న పట్టికతోనే వ్యాసం మొదలుపెడుతున్నాను: 14, 8, 5, 5.